వెంకాయమ్మ పథ్యానికి సాక్షులు

బంటుమిల్లికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఎవరి ఒంటి మీద కత్తి పడినా సరే, ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన కాగితం బీరువాలోకీ, వెంకాయమ్మ చెప్పిన పథ్యం పొయ్యి మీదికీ వెళ్లేవి. కాన్పు కావచ్చు, అపెండిక్స్ కావచ్చు, చెరువు గట్టు మీద జారిపడి మోకాలి చిప్ప పగలడం కావచ్చు, నలభై ఏళ్లుగా ఇదే వరస. ఆవిడ వైద్యం చదవలేదు. ఆ మాటకొస్తే ఏడో తరగతి కూడా దాటలేదు. అయినా ఆ ఊరి కుట్లన్నీ తన పూచీ మీదే మానుతున్నాయని ఆవిడ నమ్మకం. ఊరు కూడా ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు.

పథ్యం ఇదీ. మొదటి తొమ్మిది రోజులు పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, మిరియాల చారు. పదో రోజున బీరకాయ, ఆ తర్వాత పొట్లకాయ, మళ్లీ బీరకాయ. కందిపప్పు తింటే చీము. గుడ్డు తింటే చీము. మాంసం సంగతి ఎత్తితేనే చీము. ఊరి చుట్టూ చేపల చెరువులు పెట్టుకుని చేప ముక్క ముట్టకూడదంటే ఎలాగమ్మా అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అడిగినవాళ్లను ఆవిడ చూసే చూపు అలాంటిది మరి.

అలాగని ఊరికే పెత్తనం చేసే మనిషి కాదు. వండేదీ ఆవిడే, మోసేదీ ఆవిడే. పొద్దున ఎనిమిదింటికల్లా స్టీలు క్యారేజీతో రోగి ఇంటి గుమ్మంలో ఉండేది. పొలమూ చెరువులూ ఉన్న ఇల్లాలు ఇంటింటికీ క్యారేజీ మోయడమేమిటని భర్త వెంకట్రామయ్య మొదట్లో విసుక్కునేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు. పథ్యం ఉచితం, దానితోపాటు వచ్చే చివాట్లు కూడా ఉచితమే. తన పథ్యం సరిగ్గా తిన్నవాళ్ల కుట్టు చీము పట్టిన చరిత్ర లేదని ఆవిడ పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పుకునేది.

అలాంటి వెంకాయమ్మకు అరవై ఆరో ఏట గుండె నొప్పి వచ్చింది. విజయవాడ తీసుకువెళ్తే మూడు రక్తనాళాలు పూడుకుపోయాయని రొమ్ము ఎముక నిలువునా కోసి బైపాస్ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చిన మూడో వారంలో చలిజ్వరం వచ్చింది, జాకెట్టు తడిసింది, మంచం మీద పక్కకు తిరిగితే రొమ్ములో ఎముక కిర్రుమంది. మళ్లీ విజయవాడ. కుట్టు కింద ఎముక దాకా చీము పట్టిందన్నారు. ఈవిడలా చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో ఎంత జాగ్రత్తగా ఉన్నా అప్పుడప్పుడూ ఇలా జరుగుతుందన్నారు. మళ్లీ తెరిచి, ఎముకను బిగించిన తీగలు తీసేసి, చెడిన భాగమంతా శుభ్రం చేశారు. ఇక వారాల తరబడి చేయాల్సిన వైద్యం ఇంటికి దగ్గర్లో చేయించుకోవచ్చని బందరు ఆసుపత్రికి పంపారు.

ఎవరి తప్పూ కాదన్న మాట మాత్రం వెంకాయమ్మ ఒప్పుకోలేదు. "ఎందుక్కాదు? ఐసీయూలో నాకు తెలివి లేనప్పుడు పప్పుచారు పోసుంటారు. లేకపోతే నాకు చీమేమిటి?" అంది.

బందరులో ఆవిడ రొమ్ము మీది గాయంలో నల్లటి స్పాంజి పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అతికించి, దానికో గొట్టం తగిలించారు. గొట్టం రెండో కొస టిఫిన్ డబ్బా అంత మిషన్‌లో ఉంటుంది. అది రాత్రీ పగలూ గాయంలోని చెడునీటిని లాగుతూనే ఉంటుంది, గాలి చొరబడితే కూత పెడుతుంది. ఎంత లాగినా తృప్తి లేదు, పైగా కూతలొకటి అని వెంకాయమ్మ దానికి 'అల్లుడుగారు' అని పేరు పెట్టింది. మూడు రోజులకోసారి స్పాంజి మార్చే సిస్టర్ జెనిఫర్‌కు ఆ పేరు తెగ నచ్చింది. చిలకలపూడి పిల్ల, చెయ్యి తేలిక, నోరు ఇంకా తేలిక. వెంకాయమ్మకు దీటైన మనిషి దొరికిందని వార్డు వార్డంతా సంబరపడింది.

గాయం మూయాల్సిన డాక్టరు పేరు ప్రణతి. తాత, తండ్రి బందరులో పంతుళ్లుగా పనిచేసినవాళ్లు, అందుకే కాబోలు ఏ సంగతైనా కాగితం మీద బొమ్మ గీసి మరీ చెబుతుంది.

"చూడండి వెంకాయమ్మ గారూ, ఇప్పుడు మీ గుండెకు ముందు తలుపు లేదు. రెండు పక్కలా ఉన్న రొమ్ము కండల్ని కదిపి, మధ్యకు తెచ్చి, ఈ ఖాళీని కప్పేయాలి. అది అతుక్కుంటే మీరు ఇంటికెళ్లొచ్చు."

"కాలవ గట్టుకు గండి పడితే పక్క మట్టి తెచ్చి పూడ్చినట్టు."

"సరిగ్గా అంతే."

"మరి పూడ్చెయ్యమ్మా, ఆలస్యం దేనికి?"

"పూడ్చింది నిలబడాలి కదండీ. ఒంట్లో సరుకు లేకపోతే కండ అతుక్కోదు. రక్తంలో ఆల్బుమిన్ అని ఒక మాంసకృత్తు ఉంటుంది. మీకు చీము తగ్గుతోంది, మందు పనిచేస్తోంది, కానీ ఈ ఆల్బుమిన్ రెండు పాయింట్ మూడు దగ్గరే కూర్చుంది. మూడు దాటితే నాకు ధైర్యం. గుడ్లు, పప్పు, చేపలు, పెరుగు, అన్నీ బాగా తినాలి."

"దాటకపోతే?"

ప్రణతి కలం కింద పెట్టింది. "ఎక్కువ రోజులు ఇలా తెరిచి ఉంచడం ప్రమాదం. చీము తిరగబెట్టి గుండె దాకా వెళ్తే నా చేతుల్లో ఏమీ ఉండదు. మీ దగ్గర దాచడం ఎందుకు?"

వెంకాయమ్మ బుద్ధిగా తలూపింది. ఆ రోజు నుంచి ఆసుపత్రి భోజనం రావడం, కంచం ఖాళీగా తిరిగి వెళ్లడం, చార్టులో టిక్కు పడటం మొదలైంది. రోజుకు ఆరు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం పప్పు, రాత్రి చేప కూర. రెండు వారాల తర్వాత రక్తం చూస్తే రెండు పాయింట్ రెండు. పెరగకపోగా తగ్గింది. ప్రణతి మూత్రపిండాలు చూసింది, కాలేయం చూసింది, అన్నీ బాగానే ఉన్నాయి. తిన్నది ఎక్కడికి పోతోందో అంతుబట్టలేదు.

అంతుబట్టింది జెనిఫర్‌కు. ఒక మధ్యాహ్నం అల్లుడుగారు కూత పెడితే పరుగున వచ్చి గది తలుపు తోసింది. మంచం మీద వెంకాయమ్మ, కోడలు ఇంద్రజ తెచ్చిన క్యారేజీలోంచి వెల్లుల్లి కారం అన్నం తింటోంది. గోడవైపు తిరిగి స్టూలు మీద కూర్చున్న వెంకట్రామయ్య ఆసుపత్రి కంచంలో పప్పన్నం కలుపుకుంటున్నాడు.

"పెదనాన్నగారూ! ఎవరి భోజనమండీ అది?"

"పారేస్తే పాపం కదమ్మా" అన్నాడాయన నోట్లో ముద్దతోనే.

"ఇక్కడికొచ్చాక మీ చొక్కా బొత్తాలు పట్టడంలేదేంటా అనుకున్నాను. ఆల్బుమిన్ మీకు చూడాల్సింది!"

సాయంత్రం ప్రణతి వచ్చేసరికి వెంకాయమ్మ తప్పు చేసినదానిలా లేదు, దావా వేసినదానిలా ఉంది. "డాక్టరమ్మా, నువ్వు పుస్తకాల్లో చదివావు. నేను మనుషుల్లో చూశాను. నలభై ఏళ్లు. నా పథ్యం మీద మానినవాళ్లంతా రాయిలా ఉన్నారు. కావాలంటే సాక్షుల్ని పిలిపిస్తాను."

"చీము పప్పు వల్ల రాదమ్మా, క్రిమి వల్ల వస్తుంది."

"అది మీ లెక్క."

ప్రణతికి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. "పిలిపించండి. మీకు ఇష్టం లేకుండా మీ నోట్లో ముద్ద పెట్టలేను కదా. వాళ్లు చెప్పేది ఇద్దరం వింటాం. నా మాట నిజమనిపిస్తే మాత్రం తినాలి."

"నా మాట నిజమైతే?"

"అప్పుడు మీ పథ్యం నేను కూడా నేర్చుకుంటాను."

ఆదివారం మధ్యాహ్నం సాక్షులు వచ్చారు. మొదటివాడు భుజంగరావు, బంటుమిల్లిలో ఎరువుల కొట్టు, పదేళ్ల కిందట అపెండిక్స్ పగిలి చావు తప్పించుకున్న మనిషి. రెండోది ఉమాశ్రీ, ముదినేపల్లి బడిలో టీచరు, ఆరేళ్ల కిందట కడుపు కోసి పిల్లాణ్ణి తీశారు. ఇద్దరూ మంచి బట్టలు కట్టుకుని, బత్తాయిలు పట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు వరసగా కూర్చున్నారు.

"ఏం భుజంగం, నీ కుట్టు ఎన్నాళ్లకు మానింది?" అని వెంకాయమ్మే విచారణ మొదలుపెట్టింది.

"పన్నెండు రోజులకి వదినా. మచ్చ కూడా సన్నగా దారం లాగా ఉంటుంది. అంతా మీ చేతి చలవ."

"విన్నావా డాక్టరమ్మా?"

"విన్నాను" అంది ప్రణతి. "అయితే భుజంగరావు గారూ, మీ మాట మీద ఈవిడ ఇక గుడ్డు, పప్పు ముట్టరు. ముట్టకపోతే నేను ఈ గాయం మూయలేను. మూయకపోతే చీము గుండె దాకా వెళ్లొచ్చు. అది ఈవిడకు చెప్పాను, మీకూ తెలియాలని చెబుతున్నాను."

భుజంగరావు ముఖంలో నవ్వు ఆగిపోయింది. దుప్పటి కిందనుంచి వస్తున్న గొట్టాన్నీ, అందులో మెల్లగా కదులుతున్న ఎర్రటి నీళ్లనూ చూశాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఊళ్లో పదిమందిని అదిలించే ఆ మనిషి చేతులు జోడించాడు.

"వదినా, నన్ను క్షమించాలి."

"దేనికి?"

"నేను మీ పథ్యం చెయ్యలేదు. నాలుగో రోజు నుంచీ సెంటర్లో హోటల్నుంచి ఆమ్లెట్లు తెప్పించుకునేవాణ్ణి. రోజుకు రెండు. మీరు తెచ్చిన చారు జామచెట్టు పాదులో పోసేవాళ్లం. అన్నం గేదెకు పెట్టేవాళ్లం."

వెంకాయమ్మ నోరు తెరిచింది. "నా వెల్లుల్లి కారం?"

"అది మాత్రం నేనే తిన్నాను వదినా, ఒట్టు. ఆమ్లెట్టులోకి నంజుకుని."

ఉమాశ్రీ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకాయమ్మ అటు తిరిగింది. "నువ్వు చెప్పవే. నువ్వు పిల్లలకు నీతులు చెప్పేదానివి."

"పెద్దమ్మా, మరేమో..." ఉమాశ్రీ నేల చూపులు చూసింది. "మా అమ్మ గుడ్లు ఉడకేసి మంచం కింద గిన్నెలో దాచేది. మీ గొంతు వీధి మలుపులో వినబడేదిగా, మూత పెట్టేసేవాళ్లం."

"మరి ధర్మారావో? ఆ పిత్తాశయం రాళ్లవాడు?"

"వాడికి కోడికూర నేనే అందించాను వదినా" అన్నాడు భుజంగరావు. ఒకసారి మొదలుపెట్టాక దాచడం దేనికని కాబోలు, ఊళ్లో మరో ఐదుగురి పేర్లు కూడా చెప్పేశాడు.

గది మూలనుంచి వెంకట్రామయ్య దగ్గాడు. "ఇక నేనూ చెప్పేస్తే ఒక పనైపోతుంది."

"మీరు కూడానా!"

"హెర్నియా ఆపరేషనప్పుడు. చెరువు మీద షెడ్డులో మన కాపలావాడు కొరమీను కాల్చి పెట్టేవాడు. పొద్దుటే గాలికోసం వెళ్తున్నానని చెప్పేవాణ్ణి."

వెంకాయమ్మకు ముందు కోపం వచ్చింది. కానీ భర్త ముఖం చూసేసరికి ఆ కోపం మధ్యలోనే నవ్వై కూర్చుంది. రొమ్ము కదలకుండా నవ్వడం ఎలాగో ఆవిడకు తెలియదు. జెనిఫర్ గబగబా దిండు తెచ్చి గుండెకు అదిమి పట్టుకోమంది. "అయ్యో, నవ్వించకండర్రా, చస్తాను" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటూ నవ్వింది. సాక్షులు నవ్వారు, డాక్టరు నవ్వింది, అదిరిపోయి అల్లుడుగారు కూత పెట్టారు.

నవ్వులు సద్దుమణిగాక ప్రణతి అంది, "అయితే మీ పథ్యం సరిగ్గా చేసినవాళ్లు ఒక్కరూ లేరన్నమాట."

"నేను చేశానండీ."

అన్నది ఇంద్రజ. కిటికీ దగ్గర నిలబడి క్యారేజీ గిన్నెలు ఒకదానిలో ఒకటి సర్దుతోంది. కొడుకు భరత్‌తో పెళ్లై పద్నాలుగేళ్లైనా ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. ఇప్పుడు కూడా గట్టిగా మాట్లాడలేదు. అయినా అందరి తలలూ అటు తిరిగాయి. కారణం ఆ ఊరివాళ్లందరికీ తెలుసు.

పదకొండేళ్ల కిందట ఇంద్రజకు కడుపు కోసి ఆడపిల్లను తీశారు. ఇరవయ్యో రోజున కుట్టు ఒక కొస విచ్చుకుంది, చీము పట్టింది. రెండున్నర నెలలు చంటిదాన్ని చంకనేసుకుని బస్సులో గుడివాడ వెళ్లి కట్టు కట్టించుకుంది. వెంకాయమ్మ పథ్యం ఓడిపోవడం అదే మొదలు. తన పథ్యం ఓడిపోవడం ఆవిడకు ఊహకందని సంగతి కనక కారణం తానే కనిపెట్టింది. కోడలు చాటుగా ఏదో తిన్నది. నాలుక కట్టేసుకోలేని మనిషి అని ఇంటింటా చెప్పింది. ఇంద్రజ ఒకే ఒకసారి, నేనేమీ తినలేదత్తయ్యా, అంది. ఎవరూ నమ్మలేదు. మళ్లీ ఎప్పుడూ అనలేదు.

"నిజం చెప్పు ఇంద్రజా. గుడ్డూ, పప్పూ, ఏదీ తినలేదా?" అంది వెంకాయమ్మ.

"మీరు పెట్టిందే తిన్నానత్తయ్యా. మీరు చెబుతున్నారు కదా, నిజమే అనుకున్నాను."

వెంకాయమ్మ ప్రణతి వైపు చూసింది. ప్రణతి మెల్లగా చెప్పింది. "పప్పు తినకపోవడం వల్లే చీము పట్టిందని నేననను. క్రిమి ఎవరికైనా పట్టొచ్చు. కానీ రెండున్నర నెలలు మానకపోవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు."

వెంకాయమ్మ సిగ్గుపడటం ఆ ఊరివాళ్లు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. రొమ్ము కోసినప్పుడూ, మళ్లీ తెరిచినప్పుడూ ఏడవని మనిషి దిండులో ముఖం దాచుకుంది. "అబద్ధాలాడినవాళ్లందర్నీ బంగారం అన్నాను. నా మాట నమ్మిన ఒక్కదాన్నీ దొంగని చేశాను" అంది. భుజంగరావు బత్తాయిల సంచి వంక చూస్తూ కూర్చున్నాడు. ఇంద్రజ వచ్చి మంచం పట్టె మీద కూర్చుని అత్తగారి వీపు నిమిరింది. ఆమెకూ ఏడుపొచ్చింది, పదకొండేళ్లుగా ఆగి ఉన్న ఏడుపు.

"పప్పు తేవే" అంది వెంకాయమ్మ కాసేపటికి, ముక్కు తుడుచుకుని. "గుడ్డు కూడా తే. ఏది పడితే అది తే."

మర్నాడు ఇంద్రజ తన చేత్తో ముద్దపప్పు కలిపి తెచ్చింది. మొదటి ముద్ద మింగి వెంకాయమ్మ గొట్టం వంక అనుమానంగా చూసింది. చీము రాలేదు. రెండో ముద్ద మింగి మళ్లీ చూసింది. అయిదో ముద్దకు చూడటం మానేసి, "ఉప్పు తగ్గింది" అంది. జెనిఫర్ ఆ మాట చార్టులో రాసుకోదగిన శుభవార్త అని ప్రకటించింది. అప్పట్నుంచి ఆసుపత్రి కంచం వెంకాయమ్మదే. పాపం, వెంకట్రామయ్య క్యాంటీనుకు వెళ్లాల్సి వచ్చింది. భుజంగరావు ప్రాయశ్చిత్తం కింద వారానికి రెండుసార్లు కొరమీను పంపేవాడు.

వారం తర్వాత రెండు పాయింట్ అయిదు. ఆ పై వారం రెండు పాయింట్ ఏడు. తర్వాత ఒక వారం కదల్లేదు, ఆ ఏడు రోజులూ ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. అయిదో వారంలో జెనిఫర్ కాగితం ఊపుకుంటూ వచ్చింది. మూడు పాయింట్ ఒకటి. గాయంలోంచి తీసిన నీళ్లలో క్రిమి కూడా కనబడలేదు. ప్రణతి రోజు ఖాయం చేసింది.

ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తుంటే వెంకాయమ్మ ఇంద్రజ చెయ్యి పట్టుకుంది. "నాకు భయంగా ఉందే. పోతానని కాదు. ఒక పని మిగిలిపోయింది."

"ఏం పనత్తయ్యా?"

"బయటికొచ్చాక చెబుతా."

నాలుగు గంటలు పట్టింది. రొమ్ము కండలు మధ్యకు వచ్చి గుండెను కప్పాయి. కానీ ప్రణతి అప్పుడే ఏమీ చెప్పనంది. అయిదో రోజు చూసింది, పదో రోజు చూసింది. పన్నెండో రోజున కట్టు విప్పి, వేలితో మెల్లగా నొక్కి చూసి, "గట్టు నిలబడిందండీ" అంది. వెంకాయమ్మ చేతులు పైకెత్తి దణ్ణం పెట్టబోతే, చేతులు ఎత్తకూడదని జెనిఫర్ కేకలేసింది. అల్లుడుగారిని అంతకుముందే వేరే గదికి పంపేశారు.

మూడో వారంలో ఇంటికి పంపారు. భరత్ కారు నడుపుతున్నాడు, పక్కన వెంకట్రామయ్య, వెనక సీట్లో అత్తాకోడళ్లు. ఊరి మొదట్లో మొదటి ఇల్లు రాగానే వెంకాయమ్మ కారు ఆపించి కిటికీ అద్దం దింపమంది. వాకిట్లో బియ్యం ఏరుకుంటున్న ఇల్లాలు లేచి వచ్చింది.

"ఏమమ్మోయ్, మా ఇంద్రజ ఏమీ తినలేదు!"

ఆవిడ కంగారుపడింది. "అయ్యో, ఇంత పొద్దెక్కిందాకానా? దిగండి పిన్నిగారూ, అన్నం వార్చాను, కూర ఉంది."

"ఇప్పుడు కాదే. కాన్పప్పుడు. చాటుగా తిందని నీతో చెప్పాను చూడు, అది అబద్ధం. నేనే తప్పు చెప్పాను. దాని తప్పేమీ లేదు. పోనివ్వు భరత్."

రెండో ఇంటి ముందు అదే మాట. మూడో ఇంట్లో వాళ్లకు అసలు సంగతే గుర్తులేదు, గుర్తు చేసి మరీ చెప్పింది. నాలుగో ఇంట్లో చెవిటి ముసలమ్మకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇంద్రజ సీట్లో ముడుచుకుపోయి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా అత్తగారి మోచెయ్యి పట్టుకుని లాగింది.

"ఇక చాలత్తయ్యా. అలిసిపోతారు. వాళ్లంతా ఎప్పుడో మర్చిపోయారు."

"నువ్వు మర్చిపోయావా?"

ఇంద్రజ అత్తగారి మోచెయ్యి వదిలేసింది.

"గట్టిగా ఊపిరి తీసి వదలమని డాక్టరమ్మ చెప్పిందిగా, ఇదీ వ్యాయామమే" అంది వెంకాయమ్మ. "అప్పుడు పదిహేడిళ్లలో చెప్పాను. ఇంకా పదమూడున్నాయి. కారు పోనివ్వరా."